రుద్రమదేవి ఏ ఏడాది చనిపోయింది? చరిత్ర చదువు: బీఏ నుంచి పీహెచ్‌డీ దాకా



గత నెల పేరెంట్–టీచర్ మీటింగ్ రోజున తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి ఒకరు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేసి, కూతురి సోషల్ నోట్సు తెరిచి నా ముందు ఉంచారు.

"మేడమ్, రుద్రమదేవి పాలన 1289తో ముగిసిందని రాయించారు. నేను గ్రూప్స్‌కి ప్రిపేరైనప్పుడు 1295 అని చదివాను. ఆ పుస్తకం ఇంకా ఇంట్లోనే ఉంది. పాప రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది తప్పని నన్ను అడుగుతోంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు."

నేను జవాబు చెప్పేలోపే ఆయన గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టారు. "ఆ పుస్తకం చేతికి దొరికినప్పటి నుంచి హిస్టరీ చదువుతానంటోంది. లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి. ఎంపీసీలో చేర్పిద్దామనుకున్నాం. హిస్టరీ చదివితే చివరికి ఏమవుతుంది మేడమ్?"

ఆయన వెనక ఇంకా పదిమంది వరుసలో నిలబడి ఉన్నారు. రెండు నిమిషాల్లో తేలే మాట కాదు. పైగా ఏటా ఒకరిద్దరు తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అందుకే ఈ నెల మన పేజీల్లో దీని గురించే రాస్తున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే రెండో ప్రశ్న సగం తేలిపోతుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒక రాయి మార్చిన తేదీ

కాకతీయ గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి 1262 ప్రాంతంలో ఓరుగల్లు సింహాసనం ఎక్కింది. ఆమె పాలన ఎప్పుడు ముగిసిందో చెప్పే సూటి ఆధారం చాలాకాలం చరిత్రకారుల చేతికి రాలేదు. అప్పటికి ఉన్న ఆధారాలను బట్టి 1295 ప్రాంతమని రాసుకున్నారు. మనలో చాలామంది చదువుకున్నది ఆ తేదీనే.

తర్వాత నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల గ్రామంలోని ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. అది 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని అందులో ఉంది. 1289 నవంబరుకే ఆమె లేదని రాయి చెబుతుంటే 1295 దాకా పాలించిందని ఎలా రాస్తాం? అందుకే పుస్తకాల్లో తేదీ మారింది.

అంటే ఆ తండ్రి దాచుకున్న పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఆనాటికి దొరికిన ఆధారంతో ఆనాటి మాట చెప్పింది. పాప పుస్తకం తర్వాత దొరికిన ఆధారంతో ఇంకాస్త సరైన మాట చెబుతోంది.

ఇక్కడితో ఆగితే ఇది ఒక జనరల్ నాలెడ్జ్ బిట్టు. ఆ రాయి ఏం చెప్పలేదో కూడా చూడాలి. రుద్రమదేవి ఎలా చనిపోయిందో అందులో లేదు. యుద్ధం పేరు లేదు, శత్రువు పేరు లేదు. అయితే కాకతీయులపై తిరగబడిన కాయస్థ నాయకుడు అంబదేవుడు 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనం ఉంది. అందులో తన విజయాలను గొప్పగా చెప్పుకున్నాడు. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒకేచోట వినపడటం, మరుసటి ఏడాదే అంబదేవుడి విజయ ప్రకటన రావడం, ఈ రెండింటినీ కలిపి చూసి ఆమె అంబదేవుడితో జరిగిన పోరులో మరణించి ఉంటుందని చరిత్రకారులు భావిస్తున్నారు. బలమైన ఊహే. అయినా అది ఊహే, రాతి మీద ఉన్న మాట కాదు.

రాతి మీద ఉన్నదేమిటి, మనం ఊహించినదేమిటి అని విడదీసి చూడటమే చరిత్ర చదువు. స్కూల్లో మేం పిల్లలకు ఫలితం ఇస్తాం. ఆ ఫలితం దాకా ఎలా వెళ్లారో యూనివర్సిటీలో నేర్పుతారు. అది మూడు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు: బీఏ

ముందుగా అందరూ అడిగే సందేహం. బీఏలో చరిత్ర చదవాలంటే ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకుని తీరాలా? మన రాష్ట్ర యూనివర్సిటీల్లో సాధారణంగా అవసరం లేదు. ఏ గ్రూపుతో ఇంటర్ పాసైనా బీఏలో చేరవచ్చు. తెలంగాణలో డిగ్రీ సీట్లు 'దోస్త్' ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల ద్వారా భర్తీ అవుతాయి. ఢిల్లీ యూనివర్సిటీ వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ రాయాలి. అక్కడ మాత్రం ఏ సబ్జెక్టుల్లో పరీక్ష రాయాలో కోర్సును బట్టి ఉంటుంది కాబట్టి ముందే చూసుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ కూడా ఉంది.

జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం మూడేళ్లు చదివితే డిగ్రీ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. ఆ నాలుగో ఏడు అన్ని కాలేజీల్లోనూ ఉండకపోవచ్చు. చేరేటప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక చదువు సంగతి. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక భారత చరిత్రలతో పాటు ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, చైనా, జపాన్‌ల వంటి ప్రపంచ చరిత్ర ఉంటుంది. మన ప్రాంత చరిత్ర ఉంటుంది. సిలబస్ కన్నా ముఖ్యం ప్రశ్న తీరు మారడం. స్కూల్లో "రుద్రమదేవి ఎప్పుడు పాలించింది?" అని అడుగుతాం. మంచి బీఏ క్లాసులో "ఈ మాట ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఎవరి కోసం చెప్పారు?" అని అడుగుతారు.

ఒక ఉదాహరణ చూడండి. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో తన గ్రంథంలో 'ముత్ఫిలి' రాజ్యాన్ని, దాన్ని ఏలుతున్న వివేకవతి అయిన రాణిని, అక్కడి వజ్రాలను వర్ణించాడు. ముత్ఫిలి అంటే మన మోటుపల్లి రేవు, రాణి అంటే రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. అయితే ఆమె చనిపోయిన రాజుగారి భార్య అని అతను రాశాడు. మన శాసనాల ప్రకారం ఆమె గణపతిదేవుడి కూతురు. పైగా మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో భారత తీరాలకు వచ్చింది 1290ల తొలి ఏళ్లలో. చందుపట్ల శాసనం ప్రకారం అప్పటికి ఆమె బతికి లేదు. మరి అతను చూసి రాశాడా, రేవులో ఎవరో చెబితే విని రాశాడా? పొరపాటు ఉంది కదా అని అతని పుస్తకాన్ని పక్కన పడేయాలా? ఆమె చనిపోయాక కూడా రేవుల్లో వర్తకులు ఆమెను తలుచుకుంటున్నారంటే, అది కూడా ఒక ఆధారమే కదా?

ఇలాంటి ప్రశ్నకు నాలుగు పేజీల వ్యాసం రాయడం బీఏ విద్యార్థి పని. బిట్లకు, నాలుగు ఆప్షన్లకు అలవాటుపడిన మన పిల్లలకు మొదటి ఏడు ఇక్కడే కష్టమవుతుంది. ఇందులో బడులుగా మా వంతు కూడా ఉంది. పదో తరగతిలో 95 మార్కులు వచ్చిన పిల్లలు బీఏలో తడబడటం, 75 వచ్చినా బాగా చదివే, రాసే పిల్లలు ముందుకెళ్లడం ఉపాధ్యాయులందరం చూస్తున్నదే.

రెండో మెట్టు: ఎంఏ

ఎంఏ రెండేళ్లు. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారికి ఒక ఏడాదిలో ముగిసే వీలు కూడా కొత్త విధానంలో ఉంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ–పీజీ రాయాలి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, కాకతీయ విశ్వవిద్యాలయాల్లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర విభాగాలున్నాయి. ఢిల్లీ యూనివర్సిటీ, జేఎన్‌యూలకు కూడా మన పిల్లలు వెళుతుంటారు.

బీఏలో అన్నీ కొంచెం కొంచెం చదివిన విద్యార్థి ఇక్కడ ఒక కాలాన్ని ఎంచుకుంటాడు. ప్రాచీనమా, మధ్యయుగమా, ఆధునికమా? దాంతో పాటు ఇంకో కొత్త విషయం నేర్చుకుంటాడు. జరిగిన చరిత్రనే కాక, ఆ చరిత్రను ఇంతకుముందు ఎవరెవరు ఎలా రాశారో, ఎందుకు అలా రాశారో చదవడం. ఒకే రాజు గురించి ఇద్దరు పండితులు వేర్వేరుగా ఎందుకు రాశారో అర్థం చేసుకోవడం.

మళ్లీ రుద్రమదేవి దగ్గరికే వద్దాం. కొన్ని శాసనాల్లో ఆమె పేరు 'రుద్రదేవ మహారాజు' అని పురుషుడి పేరులా కనిపిస్తుంది. ఎందుకు? కొడుకుల్లేని తండ్రి ఆమెను కొడుకులా పెంచాడన్నది మనందరం విన్న కథ. ఆ కాలంలో రాజ్యాధికారం అనే భావనే పురుషుడి రూపంలో ఉండేదా, ఆ పీఠం మీద కూర్చోవాలంటే స్త్రీ ఆ భాషలో కనిపించక తప్పలేదా అన్నది చరిత్రకారుల ప్రశ్న. అమెరికన్ చరిత్రకారిణి సింథియా టాల్బట్ సరిగ్గా దీని మీదే ఒక వ్యాసం రాశారు. ఎంఏ విద్యార్థి ఆ వ్యాసం చదవాలి, మన తెలుగు చరిత్రకారులు రాసింది చదవాలి, ఆ తర్వాత శాసన పాఠం తానే చూసుకుని తన మాట చెప్పాలి.

శాసన పాఠం చూడాలంటే భాష రావాలి. ఎంఏలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కాకతీయుల కాలానికి పాత తెలుగు, సంస్కృతం కావాలి. కుతుబ్‌షాహీల కాలానికి పారసీకం, నిజాం కాలానికి పారసీకం, ఉర్దూ కావాలి. బ్రిటిష్ కాలానికి ఇంగ్లిష్ చాలని అనుకుంటాం. కానీ రైతు ఏమనుకున్నాడో తెలియాలంటే ఆనాటి తెలుగు పత్రికలు, అర్జీలు చదవాలి. 17వ శతాబ్దపు మచిలీపట్నం వర్తకం మీద పనిచేయాలంటే డచ్చి కంపెనీ రికార్డులు ముఖ్యం. అవి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ల వయసులో కొత్త భాష మొదలుపెట్టడం అసాధ్యమేమీ కాదు. ఉన్న భాషను ముందే పారేసుకున్నవాళ్లకు మాత్రం భారం రెట్టింపవుతుంది.

మూడో మెట్టు: పీహెచ్‌డీ

పీహెచ్‌డీ అంటే పెద్ద ఎంఏ అనుకునే పొరపాటు చాలామంది చేస్తారు. ఎంఏ దాకా ఇతరులు కనుక్కున్నది చదువుతాం. పీహెచ్‌డీలో ఇంతవరకు ఎవరూ చెప్పని ఒక మాటను ఆధారాలతో చెప్పాలి. చిన్నదైనా సరే, కొత్తది కావాలి.

'రుద్రమదేవి జీవితం' అన్నది మంచి పీహెచ్‌డీ అంశం కాదు. అది ఇప్పటికే రాసి ఉంది. 'కాకతీయుల కాలంలో ఒక ప్రాంతంలో చెరువులు తవ్వించింది ఎవరు, ఆ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది?' అన్నది పరిశోధన ప్రశ్న. దానికోసం ఆ ప్రాంతపు శాసనాలన్నీ ఒక్కొక్కటిగా చదవాలి, దాతల పేర్లు, బిరుదులు, భూమి కొలతలు రాసుకోవాలి, లెక్కగట్టాలి. ఇందాక చెప్పిన టాల్బట్ 2001లో వెలువరించిన పుస్తకం ఇలాంటి పనికి మంచి నమూనా. ఆమె మధ్యయుగ ఆంధ్రదేశపు శాసనాలను పెద్ద సంఖ్యలో పరిశీలించారు. జనం తమ పేర్ల చివర రెడ్డి, నాయక, బోయ, సెట్టి వంటి మాటలతో తమను తాము ఎలా పరిచయం చేసుకున్నారో చూశారు. ఆనాటి సమాజం మనం అనుకున్నంత కదలిక లేనిది కాదని ఆ లెక్కలతో చూపారు. లెక్కలు బాగా వచ్చే పిల్లలకు చరిత్రలో పనిలేదనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

పరిశోధకుడి రోజులు చాలావరకు పాత కాగితాల మధ్య గడుస్తాయి. హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు పారసీక పత్రాలున్నాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి ఆ రికార్డుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. శాసనాలకైతే మైసూరులో భారత పురావస్తు శాఖ వారి శాసన విభాగం ఉంది. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్‌తో అద్దుతూ, సిరా పూసి తీసిన ప్రతులు అక్కడ ఉంటాయి. వారం రోజులు వెతికినా పనికొచ్చే కాగితం ఒక్కటీ దొరకని సందర్భాలుంటాయి. దానికి ఓపిక కావాలి.

ఇక నిబంధనలు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. ప్రత్యేక అనుమతితో గడువు పొడిగించే వీలుంది. మొదట కోర్సువర్క్, తర్వాత పరిశోధన, థీసిస్, చివర నిపుణుల ముందు మౌఖిక పరీక్ష. ఇదివరకు ఎంఏకీ పీహెచ్‌డీకీ మధ్య ఉండే ఎంఫిల్‌ను ఈ నిబంధనలతోనే తీసేశారు. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తిచేసినవారు ఎంఏ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. అయితే చరిత్రలో ఎంఏ చదివి వెళ్లడమే మేలని నా సలహా. భాషలు, పాత పరిశోధనలు ఒంటబట్టడానికి ఆ సమయం కావాలి.

యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన మొత్తాలివి. ఢిల్లీలోని భారత చరిత్ర పరిశోధన మండలి కూడా విడిగా ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరితే మధ్యలో డబ్బు ఇబ్బందితో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. ఈ మెట్టు ఎక్కే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

కాలం, డబ్బు, ఉద్యోగం

లెక్క దాచకుండా చెప్పుకుందాం. పద్దెనిమిదేళ్లకు ఇంటర్ పూర్తి. ఇరవై ఒకటికి బీఏ, ఇరవై మూడుకు ఎంఏ. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి ఇరవై ఎనిమిదో, తొమ్మిదో. బీటెక్ చదివిన తోటి పిల్లలు అప్పటికి ఉద్యోగంలో ఐదారేళ్లు దాటేసి ఉంటారు. పెళ్లిళ్లలో చుట్టాలు "ఇంకా చదువుతూనే ఉన్నాడా?" అని అడుగుతారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజులు ప్రైవేటు ఇంజనీరింగ్ ఫీజులతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి ఇక్కడ పెద్ద ఖర్చు డబ్బు కాదు, ఏళ్లు.

అందుకే నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే. చరిత్ర చదవడం పదేళ్లకు ఒకేసారి పెట్టే సంతకం కాదు. అది మూడు వేర్వేరు నిర్ణయాలు. ప్రతి మెట్టు దగ్గరా దిగడానికి ఒక దారి ఉంది.

బీఏ తర్వాత దిగితే: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, జర్నలిజం, బీఈడీ చేసి స్కూల్లో సోషల్ టీచర్, గ్రూప్స్, సివిల్స్ వంటి పోటీ పరీక్షలు. నాలుగు పత్రాలు చదివి, ఏది నమ్మాలో తేల్చి, ఒక పేజీలో స్పష్టంగా రాయగలగడం ఏ ఆఫీసులోనైనా పనికొచ్చే విద్య.

ఎంఏ తర్వాత దిగితే: జూనియర్ కాలేజీ లెక్చరర్ పోస్టులు, నెట్ లేదా రాష్ట్ర సెట్ పాసైతే డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత. దీనికి ఎంఏలో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంది. పురావస్తు శాస్త్రం వైపు వెళ్లాలనుకుంటే భారత పురావస్తు శాఖ వారి ఇన్‌స్టిట్యూట్ గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. మ్యూజియాలు, ఆర్కైవ్స్‌లోనూ పనులుంటాయి, కానీ పోస్టులు తక్కువ.

పీహెచ్‌డీ తర్వాత: యూనివర్సిటీ బోధన, పరిశోధన. రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు ఏటా రావు. కొందరు కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లుగా ఏళ్ల తరబడి ఉండిపోతున్నారు. ఈ మాట మీకు ముందే తెలియాలి.

సివిల్స్ గురించి ఒక హెచ్చరిక కూడా. మెయిన్స్‌లో మెరిట్‌కు లెక్కించే 1,750 మార్కుల్లో ఆప్షనల్ సబ్జెక్టుకు 500. హిస్టరీని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, జనరల్ స్టడీస్‌లోనూ ఉపయోగమే. కానీ ఏ డిగ్రీ ఉన్నా ఆ పరీక్ష రాయవచ్చు. "బీఏ హిస్టరీలో చేరిస్తే ఐఏఎస్ అయిపోతాడు" అన్న లెక్కతో ఇష్టంలేని పిల్లవాణ్ణి చేర్చకండి. ఆ పరీక్ష రాకపోతే ఏమీ మిగల్లేదని అతనే అనుకుంటాడు.

నిబంధనలు, ఫెలోషిప్ మొత్తాలు మారుతుంటాయి. చేరే ఏడాది నోటిఫికేషన్‌ను మీరే చదువుకోండి.

మీ పిల్లలకు నప్పుతుందా?

మార్కులు చూసి చెప్పలేం. ఇవి గమనించండి. పాఠంలో లేనిది కూడా చదువుతున్నారా? "నీకెలా తెలుసు?" అని మిమ్మల్ని అడిగి విసిగిస్తున్నారా? ఒక పేజీ తమ సొంత మాటల్లో రాయగలరా? గుడికో కోటకో తీసుకెళితే సెల్ఫీ అయ్యాక కూడా అక్కడే నిలబడి బోర్డు చదువుతున్నారా? సినిమాలో చూపించింది నిజమా అని వెతుకుతున్నారా? ఇందులో రెండు మూడు ఉన్నా ఆ ఇష్టాన్ని తీసిపారేయకండి. కేవలం లెక్కలంటే భయంతో "హిస్టరీ తీసుకుంటా" అంటుంటే మాత్రం ముందు ఆ భయం గురించి మాతో మాట్లాడండి.

ఇప్పటి నుంచే చేయగలిగిన పని ఒకటుంది. అది భాషను నిలబెట్టడం. మన దగ్గర ఇంటర్‌లో మార్కులు సులువుగా వస్తాయని చాలామంది సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు. సంస్కృతం నిజంగా నేర్చుకుంటే చరిత్రకు అంతకన్నా ఆస్తి లేదు. మార్కుల కోసమే తీసుకుంటే సంస్కృతం రాదు, తెలుగు కూడా పదో తరగతితో ఆగిపోతుంది. చరిత్ర వైపు మనసున్న పిల్లలు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా తెలుగు చదవడం మానకుండా చూడండి. ఇంగ్లిష్‌లో పెద్ద పుస్తకాలు చదివే అలవాటు కూడా అంతే అవసరం. యూనివర్సిటీలో చదవాల్సిన పుస్తకాలు ఎక్కువగా ఆ భాషలోనే ఉంటాయి.

ఈ నెల ఇంట్లో చేయదగ్గ పాఠం

ఖర్చులేని పాఠం ఒకటి చెబుతాను. ఏడో తరగతి నుంచి ఎవరైనా చేయవచ్చు.

1. మీ ఊరికి మొదటిసారి కరెంటు వచ్చిన రోజు గురించో, 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన వంటి సంఘటన గురించో తెలిసిన పెద్దవాళ్లను ఇద్దరిని ఎంచుకోండి. అమ్మమ్మ, తాతయ్య, పెదనాన్న, ఎవరైనా సరే.

2. ఇద్దరినీ విడివిడిగా అడగమనండి. ఒకరు చెప్పేది ఇంకొకరు వినకూడదు. పిల్లలే రాసుకోవాలి.

3. రెండు కథనాలూ పక్కపక్కన పెట్టి ఎక్కడ కలిశాయో, ఎక్కడ తేడా వచ్చిందో గుర్తించమనండి.

4. తేడా ఎందుకు వచ్చిందో అడగండి. ఒకరు కళ్లారా చూశారు, ఒకరు విన్నారా? అప్పటికి ఎవరి వయసెంత?

5. ఇంట్లో ఆ కాలం నాటి కాగితం ఏదైనా ఉంటే, కరెంటు బిల్లో, ఉత్తరమో, పొలం దస్తావేజో, తీసి చూపించండి. ఎవరి మాట దానితో సరిపోతోందో పిల్లలనే తేల్చమనండి.

"తాతయ్య తప్పు చెప్పాడు" అని పిల్లలు తీర్పు ఇస్తే అక్కడ ఆపండి. "తాతయ్యకు అలా ఎందుకు గుర్తుండిపోయింది?" అని అడిగితే వాళ్లు చరిత్ర మొదలుపెట్టినట్టే. రాసినవి క్యాంపస్‌లోని సోషల్ టీచర్‌కు ఇస్తే తరగతిలో చదివిస్తాం.

ఆ తండ్రికి ఆ రోజు నేను చెప్పింది క్లుప్తంగా ఇంతే. "పాపకు ఇంకా పదో తరగతి ఉంది, ఇంటర్ ఉంది. ఎంపీసీ తీసుకున్నా బీఏకి దారి మూసుకుపోదు. ఈలోపు మీ పాత పుస్తకాన్ని మాత్రం పారేయకండి." పాప అప్పటికే దాన్ని తన బ్యాగులో పెట్టేసుకుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్న ఉంటే వచ్చే పేరెంట్–టీచర్ మీటింగ్ దాకా ఆగనక్కర్లేదు. ముందుగా చెప్పి, ఏదైనా సాయంత్రం క్యాంపస్‌కు రండి. పిల్లలను కూడా వెంట తీసుకురండి. నిర్ణయం వాళ్లది కాబట్టి మాట కూడా వాళ్ల ముందే జరగాలి.